చట్టం అయిన మర్నాడు

ఈ రోజు ఏప్రిల్ 16. 1848లో ఇదే రోజున, ఇదే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టారు. ఆయన పేరుమీద, ఆయన నడిచిన వీధులకు ఇంత దగ్గరలో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞురాలిని. నేను నలభై ఏళ్లకు పైగా కోర్టుల్లో వకాల్తాల మధ్య, పారీకత్తుల మధ్య, రాజీ డిక్రీల మధ్య గడిపినదాన్ని. పంతులుగారి గ్రంథాలను విమర్శించే శక్తి నాకు లేదు. ఆయన జీవితం నా వృత్తికి నేర్పిన ఒక సంగతిని మీ ముందు పెడతాను.

కొత్త ప్రభుత్వం వచ్చిన ప్రతిసారీ సంస్కరణ కోరేవాళ్లు అర్జీ పట్టుకొని దాని గుమ్మం ముందు నిలబడ్డారు. మతంలో ఈ ఆచారం మానిపించండి, శాసనంలో ఈ హక్కు చేర్చండి, సంఘంలో ఈ అన్యాయాన్ని ఆపండి అని అడిగారు. రెండు వందల ఏళ్లలో ఆ అర్జీల్లో చాలా భాగం చట్టాలయ్యాయి. వాటిలో కొన్ని మనుషుల బతుకుల్ని మార్చాయి. కొన్ని ఏళ్ల తరబడి పుస్తకాల్లోనే పడి ఉన్నాయి. ఈ తేడాకు కారణం వెతుకుతూ పోతే నాకు ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదురైంది. చట్టం అయిన మర్నాడు ఆ మనిషికి అన్నం ఎవరు పెడతారు, నీళ్లు ఎవరు తెస్తారు, ఏ చూరు కింద తల దాచుకోవాలి? అర్జీ రాసినవాళ్లు ఇది ఆలోచించిన చోట చట్టం బతికింది. ఆలోచించని చోట ఆ భారమంతా ఎవరో ఒకరి నెత్తిన పడింది, చాలాసార్లు ఒక ఆడదాని నెత్తిన.

1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వితంతు వివాహాన్ని చట్టబద్ధం చెయ్యమని సర్కారుకు అర్జీ పెట్టారు. దానిమీద సంతకాలు వెయ్యికి లోపే. వద్దని పెట్టిన అర్జీలమీద వేలకు వేలు. అయినా కానింగ్ కొత్తగా గవర్నర్ జనరల్‌గా వచ్చిన 1856లోనే, జూలై 26న, అది ఆ ఏటి 15వ చట్టంగా ఆమోదం పొందింది. డిసెంబరు 7న కలకత్తాలో ఆ చట్టం కింద మొదటి పెళ్లి జరిగింది. తెలుగుదేశంలో మొదటి పెళ్లి 1881 డిసెంబరు 11న, ఈ ఊళ్లో, పంతులుగారి పూనికతో జరిగింది. రెండు పెళ్లిళ్లకూ మధ్య పాతికేళ్ల నాలుగు రోజులు. చట్టం మద్రాసు రాజధానికి కూడా మొదటి రోజునుంచే వర్తించింది. అడ్డు చెప్పే శాసనం ఒక్కటీ లేదు. అయినా ఆ పాతికేళ్లలో ఎనిమిదేళ్లకే పసుపు కుంకుమలు పోయి, గుండు చేయించుకొని వంటింటి మూలల్లో ముసలివాళ్లయిన ఆడపిల్లలు ఈ గోదావరి తీరాన ఎందరో నేను లెక్క చెప్పలేను. చట్టం ఉందని వాళ్లకు తెలియదు. తెలిసినా మర్నాడు ఎక్కడికి పోవాలో తెలియదు.

ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. మారుపెళ్లి చేసుకున్న వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తిమీద ఉన్న హక్కు పోతుందని రెండో సెక్షను చెబుతుంది. మనువు కావాలంటే మనోవర్తి వదులుకోవాలి. సంస్కర్తలు అడిగింది పెళ్లి, సర్కారు ఇచ్చింది కూడా పెళ్లే. కూడు సంగతి ఆ కాగితంలో ఎవరూ రాయలేదు.

1881 డిసెంబరులో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. పైడా రామకృష్ణయ్యగారు కాకినాడనుంచి డబ్బు సాయం చేశారు. విద్యార్థులు కాపలా కాశారు. పోలీసులు వీధిలో నిలబడ్డారు. గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మకు పెళ్లయింది. ఆ మర్నాటినుంచి వెలి మొదలైంది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారందరికీ తానే వండి వడ్డించారు. నేను లా చదివే రోజుల్లో ఈ సంగతిని ఒక ఇల్లాలి సహనానికి ఉదాహరణగా చెప్పేవారు. వృత్తిలోకి వచ్చాక నాకది వేరుగా కనిపించింది. 1856 చట్టంలో రాయని సెక్షనును ఆమె తన భుజంమీద మోసింది. సర్కారు ఏర్పాటు చెయ్యాల్సిన నీళ్లు ఆమె బిందెలో వచ్చాయి. పంతులుగారు ఈ పాఠం మరిచిపోలేదు. పెళ్లైన జంటలకు ఇళ్లు, ఉద్యోగాలు వెతికి పెట్టారు, వితంతువులకు శరణాలయం నడిపారు, చివరికి 1906లో హితకారిణీ సమాజం పెట్టి ఉన్న ఆస్తి దానికి రాసిచ్చారు. ఆయనను మనం ఉపన్యాసకుడిగా, రచయితగా గుర్తుపెట్టుకున్నాం. మర్నాటి ఏర్పాట్లు చేసిన మనిషిగా కూడా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

1857 తిరుగుబాటు తరవాత సర్కారు మారింది. కంపెనీ పోయి రాణీగారి పాలన వచ్చింది. మీ మతాల జోలికి రామని 1858లో ప్రకటన వచ్చింది. 1863లో 20వ చట్టంతో దేవాలయాల మీద రెవిన్యూ బోర్డుకు 1817నుంచి ఉన్న అజమాయిషీ కూడా పోయింది. ధర్మకర్త గుడిమాన్యం అమ్ముకుంటుంటే కళ్లారా చూసిన భక్తుడు సొంత డబ్బుతో దావా వేసి పోరాడాలి. జోక్యం చేసుకోకపోవడం వినడానికి మర్యాదగా ఉంటుంది. దాని ఫలితం మాన్యం తిన్నవాడికే దక్కింది. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు, భోగం మేళాలు పెట్టే విందులకు రావద్దని వైస్రాయికీ మద్రాసు గవర్నరుకూ విన్నపం పంపారు. వాటిలో తమకు తప్పేమీ కనబడలేదని ఇద్దరూ జవాబిచ్చారు. పరాయి ప్రభుత్వానికి పెట్టే అర్జీకి హద్దు అక్కడితో తేలిపోయింది.

అందుకే 1920 చివర్లో మద్రాసులో మొదటిసారి భారతీయ మంత్రులు పదవిలోకి వచ్చినప్పుడు అర్జీల రంగు మారింది. కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు, 1921 జూలైలో ముఖ్యమంత్రి స్థానానికి వచ్చారు. ఆ ఏడే మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు తీర్మానించింది. 1922 డిసెంబరులో ఆయన హిందూ ధర్మాదాయాల బిల్లు పెట్టారు. మఠాల నుంచి, ధర్మకర్తల నుంచి, పండితుల నుంచి వచ్చిన వ్యతిరేకత తక్కువది కాదు. మతంలో చెయ్యి పెడుతున్నారన్నది అభ్యంతరం. లెక్కలు అడుగుతున్నామే తప్ప పూజలు అడగడం లేదన్నది జవాబు. 1925లో చట్టమైంది. దాని చెల్లుబాటు గురించి సందేహాలు వస్తే 1927లో మళ్లీ చేశారు. ఈ చట్టంలో నాకు నచ్చిన భాగం, అది ఊరికే నిషేధాలు రాయలేదు. ఒక బోర్డును పెట్టింది, దానికి జీతాలకు డబ్బు ఎక్కడిదో చెప్పింది, ఎవరు తనిఖీ చేస్తారో చెప్పింది.

ఆ చట్టానికి 1929లో చేసిన ఒక సవరణ దగ్గర కాసేపు ఆగాలి. నా దృష్టిలో దక్షిణదేశపు సంస్కరణ చరిత్రలో అంత తెలివైన శాసనం ఇంకొకటి లేదు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి శాసనమండలిలోకి వచ్చిన ఏడాదిలోపే, 1927లో, దేవదాసీ ఆచారం ఆపాలని తీర్మానం తెచ్చారు. నిషేధం అడగడం తేలికే. ఆమె ఇనాముల రికార్డులు చూశారు. గుళ్లో సేవ చేసినంత కాలమే దేవదాసీకి మాన్యం. సేవ మానితే భూమి పోతుంది. ఆచారాన్ని దేవదాసీ మెడకు కట్టిన తాడు ఆ భూమే. అందుకని 1929 సవరణ భూమినీ సేవనూ విడదీసింది. పన్ను కట్టుకొని భూమిని తనదిగా ఉంచుకోవచ్చు, గుడికి ఏ సేవా బాకీ లేదు. ఇక తన కూతుర్ని గుడికి ఇవ్వాలన్న ఒత్తిడి తిండిగింజల వైపునుంచి రాదు. సమర్పణను పూర్తిగా నిషేధించిన చట్టం 1947లో గానీ రాలేదు. పద్దెనిమిదేళ్లు ముందుగా కూడు, తరవాత నిషేధం. వరస అలా ఉండాలి. తెలుగునాట కళావంతుల కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మగారి వంటివారు తమ వాళ్ల మధ్యే తిరిగి చేసిన పని ఈ చట్టానికి కాళ్లయింది. అయితే భూమి లేని ఆడవాళ్లకు, నైజాము పల్లెల్లోని జోగినులకు ఈ సవరణ ఏమీ ఇవ్వలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ జోగిని, మురళి ఆచారాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ చట్టం 1988లో వచ్చింది.

అదే 1929లో ఇంకో చట్టం మర్నాటిని మరిచిపోతే ఏమవుతుందో చూపించింది. బాల్యవివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం సెప్టెంబరులో ఆమోదమైంది. అమలు 1930 ఏప్రిల్ 1నుంచి అన్నారు. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో దేశమంతా ఒకే తొందర. ఒకే పందిట్లో అక్కచెల్లెళ్లకు, చంకలో ఉన్న పిల్లకు కూడా మూడు ముళ్లు వేయించారు. 1931 జనాభా లెక్కల్లో చిన్నవయసు భార్యల సంఖ్య పెరిగి కనిపించడానికి అదొక కారణం. మా అమ్మమ్మ తన వయసు ఎప్పుడూ అంకెల్లో చెప్పలేదు. శారదా చట్టం పెళ్లిళ్లలో నా పెళ్లయింది, అప్పటికి నాకు పాలపళ్లు ఊడుతున్నాయి, అనేది. ఆపడానికి చేసిన చట్టమే తన పెళ్లిని తరుముకొచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆమె చెల్లెలికి గడువు దాటిపోయింది. పెళ్లివారంతా యానాం వెళ్లారు. అక్కడ ఫ్రెంచివాళ్ల పాలన, శారదా చట్టం చెల్లదు. ఇక్కడికి కొన్ని గంటల దూరంలో, అదే గోదావరి పాయ ఒడ్డున, ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చింది. అమలు తేదీని ఆరు నెలలు వాయిదా వేసినవారికి, పక్క దొరతనం సరిహద్దును లెక్కలోకి తీసుకోనివారికి మా అమ్మమ్మ, మా చిన్నమ్మమ్మ ఎక్కడా కనిపించలేదు.

స్వతంత్రం వచ్చాక హిందూ కోడ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అది వేరే ఉపన్యాసానికి విషయం. అంబేద్కర్ 1951లో ఆ బిల్లు ఆగిపోయిన బాధతో మంత్రిపదవి వదులుకోవడం, ఈ ఊళ్లోనే పుట్టిన దుర్గాబాయిగారు చట్టసభలో ఆ బిల్లు పక్షాన నిలబడడం, చివరికి 1955, 56లలో అది ముక్కలుగా చట్టం కావడం మీకు తెలిసినవే. నేను ఒక్క కేసే చెబుతాను. తులసమ్మ, శేషారెడ్డి వ్యాజ్యం మన రాష్ట్రంనుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. వితంతువుకు మనోవర్తి కింద 1949లో రాజీమీద ఇచ్చిన ఆస్తి ఆమె జీవితకాలానికేనా, 1956 చట్టంతో పూర్తిగా ఆమెదైందా? ఆమెదేనని 1977లో తీర్పు వచ్చింది. చట్టం వచ్చిన ఇరవయ్యొక్క ఏళ్లకు. ఆ ఇరవయ్యొక్క ఏళ్లూ ఆ ప్రశ్న మోసింది చట్టం రాసినవారు కారు.

1983 జనవరిలో మన రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు నేను ప్రాక్టీసులో కొత్త. ఎన్.టి. రామారావుగారి మొదటి ఏళ్లలో వచ్చినన్ని సామాజిక శాసనాలు అంత తక్కువ కాలంలో మన ప్రాంతం మళ్లీ చూడలేదు. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. వంశపారంపర్యంగా వస్తున్న కరణాలు, మునసబుల పదవులు 1984 మొదట్లో రద్దయ్యాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. చట్టం 1986లో అయింది, 1985 సెప్టెంబరు 5నుంచి వర్తించింది. కేంద్రం ఆ పని చెయ్యడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ రోజుల్లో కోర్టు వరండాలో మేము కొద్దిమంది ఆడ వకీళ్లం ఆ గెజిట్ ప్రతి చేతులు మార్చుకొని చదవడం నాకింకా గుర్తు. అయితే అందులో ఒక గీత ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లైన కూతుళ్లకు హక్కు లేదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లికి పుట్టిన అక్కకు లేదు, చెల్లెలికి ఉంది. నా దగ్గరికి వచ్చిన అక్కలకు ఈ సంగతి చెప్పాల్సి వచ్చిన రోజులు నా వృత్తిలో కష్టమైనవి.

1987 ధర్మాదాయాల చట్టం, చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల వెనక వచ్చింది. మిరాసీలను, వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. పెద్ద గుళ్లలో హుండీ వాటాల సంగతి తెలిసినవారికి ఆ నిర్ణయం ఎంత అవసరమో తెలుసు. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఆ న్యాయంతో నాకు పేచీ లేదు. కానీ తిరుమలకు రాసిన సెక్షను, ఏడాదికి నాలుగు బస్తాల ధాన్యం రాబడి ఉన్న ఊరి శివాలయానికి కూడా ఒకే మాదిరిగా వర్తించింది. వాటా పోయింది, జీతం రాలేదు. సంధ్యవేళ దీపం పెట్టే చెయ్యి లేని గుళ్లు పుట్టాయి. 2007లో చట్టాన్ని సవరించి, ధూపదీప నైవేద్యాల పథకం పెట్టి కొంత సరిచేశారు. పాత అన్యాయాన్ని తీసేశారు, ఆ స్థానంలో ఏం పెట్టాలో ఇరవై ఏళ్ల తరవాత ఆలోచించారు.

ఇక, రేపు మన రెండు రాష్ట్రాల్లో ఏ పక్షం ప్రభుత్వం వచ్చినా, దాని ముందు పెట్టదగిన అర్జీ గురించి. నాకు అన్నిటికంటే తొందరగా కనిపిస్తున్నది సంఘ బహిష్కారం. 1881లో పంతులుగారి ఇంటిమీద ప్రయోగించిన ఆయుధమే అది. ఈనాటికీ మొద్దుబారలేదు. 2017లో ఇక్కడికి దగ్గర్లోనే, పశ్చిమగోదావరి గరగపర్రులో, అంబేద్కర్ విగ్రహం తగాదాలో దళితులకు కూలిపని, కౌలు, దుకాణాల్లో సరుకు ఆపారు. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కుటుంబాలను వెలివేసిన వార్తలు పదేపదే చదువుతున్నాం. బాధితులు దళితులో గిరిజనులో అయితే అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మిగతావారికి మన దగ్గర ప్రత్యేకమైన చట్టం లేదు. మహారాష్ట్ర 2016లో చేసింది. చేసేటప్పుడు జాగ్రత్త కావాలి. 1949 నాటి బొంబాయి వెలి నిరోధక చట్టాన్ని మతస్వేచ్ఛ పేరుమీద 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకని మన చట్టం మతసంఘం లోపలి క్రమశిక్షణ జోలికి పోకుండా, నీళ్లు, సరుకు, కూలి, వైద్యం, దారి ఆపడాన్ని నేరం చెయ్యాలి. శిక్ష ఒక్కటే రాస్తే చాలదు. ఫిర్యాదు అందిన రోజే తహసీల్దారు ఆ ఇంటికి నీటి ట్యాంకరు, రేషను, అంబులెన్సు, దుక్కికి ట్రాక్టరు పంపాలని, ఆ ఖర్చు వెలివేసినవారి నుంచి వసూలు చెయ్యాలని చట్టంలోనే ఉండాలి. రాజ్యలక్ష్మమ్మగారు మోసిన బిందెను ఈసారి ప్రభుత్వం మొయ్యాలని అడుగుతున్నాను.

రెండోది కూతుళ్ల వాటా. హక్కు కాగితంమీద పూర్తిగా ఉంది. 2020లో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలూ తీర్చింది. జరుగుతున్నది ఏమిటంటే, తండ్రి పోయిన పన్నెండో రోజు భోజనాలు కాగానే అన్నదమ్ములు విడుదల దస్తావేజు తయారుచేసి తెస్తారు. పసుపు కుంకుమల కింద నీకు ఇచ్చాం కదమ్మా అంటారు. ఆమె సంతకం పెడుతుంది. పెట్టకపోతే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుంది, కష్టమొస్తే చెప్పుకునే దిక్కుండదు. ఆ భయం నిజమైనదే, ఆమెను తప్పు పట్టను. నేను అడిగేది చిన్నది. కుటుంబంలో మరణం జరిగిన ఆరు నెలల లోపు కూతురి విడుదల దస్తావేజు రిజిస్టరు కాకూడదు. ఆ తరవాతైనా సబ్ రిజిస్ట్రారు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ఆమె వదులుకుంటున్న భూమి సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రభుత్వ విలువ ఆమెకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించాలి. నేను చూసినవాళ్లలో చాలామందికి తాము ఎంత వదులుకున్నారో పదేళ్లకు గానీ తెలియలేదు.

ఇంకా ఉన్నాయి. ఊరి గుడి మాన్యాల సర్వే, జోగినులుగా బతికిన తల్లుల పింఛను, తండ్రి పేరు అడగకుండా వారి పిల్లలకు బడిలో, కులధ్రువీకరణలో చోటు. వీటిమీద పనిచేస్తున్నవారు ఈ సభలోనే ఉన్నారు. నాకంటే వాళ్లు బాగా చెప్పగలరు.

నేను చెప్పిన రెండు అంశాల ముసాయిదా నాలుగు పేజీలు అచ్చు వేయించి తెచ్చాను. ప్రతులు ద్వారం పక్కన బల్లమీద ఉన్నాయి. కుడివైపు అంచు కావాలనే వెడల్పుగా వదిలాను. ఒక్కొక్క క్లాజు చదివి, అది అమలైన మర్నాడు మీ వీధిలో, మీ ఊరి బోరు దగ్గర, మీ పుట్టింట్లో ఏం జరుగుతుందో ఆ ఖాళీలో రాయండి. తప్పుంటే కొట్టెయ్యండి. కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసే రోజుకల్లా వాటిని కలిపి కొత్త ప్రతి రాసే పని నాది.